షిఫ్టు దిగాక వాక్యం

పటాన్‌చెరు పరిశ్రమల మధ్య అద్దె గదుల్లో సంఘాలు నడిపే పాస్టర్లకు బైబిలు నేర్పడానికి దేశదేశాల నుంచి బోధకులు వస్తున్నారు. మూడు రోజులుండి వెళ్తున్నారు. వాళ్లు వెళ్లాక ఈ బస్తీల్లో ఏం మిగులుతోంది? నూట యాభై ఏళ్లుగా తెలుగు నేల మీద ఈ చదువు ఎలా సాగింది?

ముంబయి హైవే మీద పటాన్‌చెరు దాటితే ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇస్నాపూర్ చౌరస్తాలో పక్కకు తిరిగితే పాశమైలారం పారిశ్రామికవాడ. మరోవైపు బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. మందుల కంపెనీలు, రసాయనాల యూనిట్లు, ఇనుము కరిగించే ఫ్యాక్టరీలు, ప్యాకింగ్ షెడ్లు. వీటిని ఆనుకుని పెరిగిన బస్తీల్లో కిరాణా కొట్టు పైఅంతస్తులోనో, వెల్డింగ్ షాపు వెనక రేకుల షెడ్డులోనో ఒక చిన్న ఫ్లెక్సీ బోర్డు కనిపిస్తుంది. ప్రార్థనా మందిరం పేరు, ఆరాధన వేళలు, పాస్టరుగారి ఫోన్ నంబరు. లోపల కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, కింద చాపలు, మూలన గుడ్డ కప్పిన కీబోర్డు, గోడకు వాక్యం అచ్చువేసిన క్యాలెండరు.

ఈ గదుల్ని నడిపేవాళ్లలో చాలామంది కంపెనీ గేటు లోపలి నుంచి వచ్చినవాళ్లే. ఏ షిఫ్టు ఉదయం ఆరింటికి, బీ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సీ షిఫ్టు రాత్రి పదింటికి. వారానికోసారి షిఫ్టు మారుతుంది. ఆదివారం సెలవు అందరికీ దొరకదు కాబట్టి ఆరాధన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రాత్రంతా మిషను దగ్గర నిలబడ్డ మనిషి ఉదయం స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చేతబట్టుకుని నిలబడతాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగంమంది కూడా అలా నిద్రలేక వచ్చినవాళ్లే. వాళ్లు ఆయన్ని అయ్యగారు అంటారు. ఆయన భార్యను అమ్మగారు అంటారు.

ఎక్కడ చదివారని అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. హైదరాబాద్‌లో ఏడాది బైబిలు కాలేజీ అని ఒకరు. మా ఊరి అయ్యగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నానని ఇంకొకరు. రాత్రిపూట ఫోన్లో ప్రసంగాలు వింటూ నోట్సు రాసుకుంటానని మరొకరు. చాలా ఇళ్లలో మాత్రం ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపిస్తారు. అందులో సర్టిఫికెట్లు. మూడు రోజుల శిక్షణ, వారం రోజుల శిక్షణ, రెండు వారాల శిక్షణ. అమెరికా, కొరియా, ఇంగ్లండ్ బోధకుల సంతకాలు. లామినేషన్ చేయించి భద్రంగా దాచుకున్నారు. ఆ భద్రతను చూసి ఎవరూ చులకనగా నవ్వకూడదు. బడి మధ్యలోనే మానేసిన మనిషికి, నువ్వు చదువుకున్నావని సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అది.

మూడు రోజుల బడి

ఆమధ్య అలాంటి శిక్షణ ఒకదానికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. బోధకుడు నెమ్మదస్తుడు, చక్కగా సిద్ధపడి వచ్చాడు. పాఠం రోమా పత్రిక. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగితే పక్కన నిలబడ్డ బ్రదర్ దాన్ని తెలుగులో చెబుతున్నాడు. పాస్టర్లు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. వచ్చినవాళ్లలో రోజుకూలి వదులుకున్నవాళ్లున్నారు, తోటి కార్మికుడిని బతిమాలి షిఫ్టు మార్చుకున్నవాళ్లున్నారు.

టీ విరామంలో ఒక యువకుడు ముందుకొచ్చాడు. టాబ్లెట్ల కంపెనీలో సీ షిఫ్టు దిగి, టిఫిన్ సంచీతో నేరుగా వచ్చినవాడు.

“అయ్యగారూ, మా సంఘంల ఒకాయన గుత్తేదారు కింద పనిజేస్తడు. మూడు నెలలాయె, జీతం ఇయ్యలే. ప్రార్థన జెయ్యి అని చెప్పి పంపిన. గంతకన్న నేనేం జెప్పాలె?”

తర్జుమా చేసే బ్రదర్ దాన్ని రెండు మాటల్లో కుదించేశాడు. జీతం ఇబ్బంది, ప్రార్థించమంటున్నారు అని. బోధకుడికి అనుమానమొచ్చింది. అంత సేపు మాట్లాడిన మనిషి అడిగింది ఇంతేనా అని మళ్లీ అడిగించాడు. గుత్తేదారు అంటే ఎవరు? కంపెనీ ఎందుకు ఇవ్వదు? ఆ మనిషి పేరు కంపెనీ రిజిస్టరులో ఉండదా? చుట్టూ పదిమంది చేరారు. ఒకరు పీఎఫ్ గురించి చెప్పారు, ఒకరు గేటు పాసు గురించి, ఇంకొకరు చెయ్యి తెగినవాడిని ఆసుపత్రిలో దింపేసి వెళ్లిపోయిన సంగతి. టీ చల్లారిపోయింది.

మధ్యాహ్నం బోధకుడు రోమా పత్రికను పక్కనపెట్టి యాకోబు పత్రిక అయిదో అధ్యాయం తెరిచాడు. చేను కోసినవాళ్ల కూలిని బిగబట్టిన యజమానుల మీద, ఆ కూలే మొరపెడుతోందని రాసిన చోటు. ఆ మొర దేవుడి చెవిన పడిందని అక్కడే ఉంది. పొద్దున్నించీ రాసుకుంటూ కూర్చున్నవాళ్లు ఇప్పుడు పెన్నులు దించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇది మా ఆదివారం సంఘంలో చదవొచ్చా? కంపెనీ సూపర్‌వైజర్ కూడా మా విశ్వాసే, ఆయన ఎదుట ఎలా చదవాలి? బోధకుడి దగ్గర అన్నింటికీ జవాబు లేదు. లేదని చెప్పి, మీరెలా చదువుతారని వాళ్లనే అడిగాడు. మూడు రోజుల్లో నేను చూసిన అసలైన బైబిలు పాఠం ఆ రెండు గంటలే.

ఇలాంటి మధ్యాహ్నాలు అరుదు. ఎక్కువ శిక్షణల్లో పాఠం ఎక్కడో తయారై వస్తుంది, ఉన్నదున్నట్టు అప్పజెబుతారు, ఫొటో దిగుతారు, అయిపోతుంది. అంతకన్నా హాని చేసేవీ ఉన్నాయి. కానుక ఎంత పెద్దదైతే దీవెన అంత పెద్దదని నేర్పి పంపే బోధలు కూడా ఇదే దారిలో వచ్చాయి. నెల జీతం ముందుగానే అప్పులకు పోయే బస్తీలో ఆ బోధ ఎంత నష్టం చేస్తుందో, ఆ బస్తీలో పదిరోజులున్నా అర్థమవుతుంది. ఆ బోధకులు ఉండరు, అదే చిక్కు.

జూన్ 30 తరువాత

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో, మందుల తయారీకి వాడే సెల్యులోజ్ పొడి చేసే ఒక పరిశ్రమలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. శరీరాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొన్ని కుటుంబాలకు అప్పగించడానికి శరీరమే దొరకలేదు.

ఇలాంటి వారంలో ప్రార్థన గదికి వచ్చేవాడి నోట ఒకటే ప్రశ్న ఉంటుంది. దేవుడు గిట్లెందుకు జేసిండు? ఆ క్షణంలో పాస్టరు చదువు బయటపడుతుంది. సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నాయన్నది అక్కడ అక్కరకు రాదు. పాపానికి శిక్ష అనేస్తే చనిపోయినవాడి భార్య మీద రెండో దెబ్బ పడినట్టే. దేవుని చిత్తం అని ఊరుకుంటే గేటు లోపల ఎవరేం చేశారు, ఏం చేయలేదు అన్న ప్రశ్నే మాయమైపోతుంది.

లూకా సువార్త పదమూడో అధ్యాయం ఈ ప్రశ్నకు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్న మిగతా అందరికన్నా వాళ్లు పెద్ద పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు. కాదని తనే చెప్పాడు. మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారని వెంటనే అన్నాడు. మొదటి మాట ఒక్కటే చెప్పి రెండోది మింగేసే పాస్టర్లున్నారు. రెండోది ఒక్కటే పట్టుకుని మైకులో అరిచేవాళ్లూ ఉన్నారు. రెండింటినీ కలిపి, ఏడుస్తున్న ఇంట్లో ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పకుండా ఊరుకోవాలి అన్నది నేర్పాలి. ఆ గోపురం సంగతికి ముందు, పిలాతు చంపించిన గలిలయుల కబురు ఉంది. ఒకటి అధికారం చేతిలో చావు, ఒకటి కట్టడం కూలిన చావు. ఆ వెంటనే కాయని అంజూరపు చెట్టు కథ. నరికేయమన్న యజమానిని, ఈ ఒక్క ఏడు ఆగమని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని తోటమాలి బతిమాలుకుంటాడు. ఈ మూడింటినీ లూకా ఎందుకు పక్కపక్కన పెట్టాడో చెప్పగల బోధకుడు పాశమైలారం పాస్టరుకు కావాలి.

ఇంకో చోటు కూడా ఉంది. ద్వితీయోపదేశకాండము ఇరవై రెండో అధ్యాయం ఎనిమిదో వచనం. కొత్తగా ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే దానిమీంచి ఎవరైనా పడినప్పుడు ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికే వస్తుంది. పడినవాడి పాపమేమిటని అక్కడ ఎవరూ లెక్క తీయరు. గోడ కట్టాల్సింది ఇంటివాడు. ఫ్యాక్టరీల నడుమ సంఘం నడిపే మనిషికి ఇంతకన్నా దగ్గరి వచనం బైబిల్లో మరొకటి దొరకదని నా నమ్మకం. విదేశాల నుంచి వచ్చిన పాఠాల పుస్తకాలు చాలానే తిరగేశాను, ఈ వచనం మీద ఒక్క పాఠమూ కనిపించలేదు. రాసినవాళ్ల తప్పు కాదది. వాళ్ల ఊళ్లో ఈ ప్రశ్న లేచి ఉండదు.

ఫ్యాక్టరీలకే కాదు, ఈ సంగారెడ్డి జిల్లా ఇటుక బట్టీలకూ ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. పంట కోతలయ్యాక అడ్వాన్సు తీసుకుని బయలుదేరి, వానాకాలం మొదలయ్యేదాకా బట్టీ దగ్గరే గుడిసె వేసుకుని ఉంటారు. లెక్క వెయ్యి ఇటుకలకు ఇంత అని. నిర్గమకాండము అయిదో అధ్యాయంలో ఫరో గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. లెక్క తగ్గినందుకు దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల్లోంచే పెట్టిన మేస్త్రులు. పైవాడికీ కిందివాడికీ మధ్య నలిగే ఆ మేస్త్రీ ఎవరో ఇక్కడ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ అధ్యాయం బట్టీ దగ్గర సాయంత్రం చదివితే వినేవాళ్లే సగం పాఠం చెబుతారు. చదివే పాస్టరుకు హిందీ, కొంచెం ఒడియా వస్తే చాలు.

కాలువ గట్టు మీద మొదలైన చదువు

పనిచేసే చోటే బైబిలు నేర్పడం తెలుగు నేలకు కొత్త కాదు. 1876–78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న తెలుగు బోధకులు తవ్వే గుంపుల మీద మేస్త్రులుగా ఉండేవారు. పని ఆగిన వేళ ఆ గుంపులకే యేసు కథ చెప్పేవారు. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకునేవాళ్లు, దాని వెనకనే లేచిన ప్రశ్నను చెప్పరు. ఇంతమందికి నేర్పేదెవరు? ఒంగోలు వైపు మాదిగ పల్లెల్లో నేర్పింది ఎక్కువగా ఎర్రగుంట్ల పేరయ్యలాంటి వాళ్లు. చెప్పులు, తోళ్ల పనిలో పుట్టి, క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర యోగమార్గం విని, తన ప్రశ్నలతో తానే క్లఫ్ దగ్గరికి వచ్చిన మనిషి పేరయ్య. క్లఫ్ ఆయనకు నేర్పిన దానికి తక్కువేమీ కాకుండా ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఇలాంటి బోధకులకు క్రమమైన చదువు కావాలనే 1870లలో రామపట్నంలో సముద్రం పక్కన బాప్టిస్టు సెమినరీ నిలదొక్కుకుంది.

మన వైపు కథ మెదక్‌లో. ఇవాళ్టి సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాయే, క్రైస్తవుల లెక్కలోనూ ఇది మెదక్ డయోసిస్ నేలే. 1895లో ఇంగ్లండ్ నుంచి సికింద్రాబాద్ వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్ చేరి నాలుగు దశాబ్దాలు ఇక్కడే ఉండిపోయాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి గురించి అందరికీ తెలుసు. పదేళ్లు సాగిన ఆ కట్టడపు పని కరువు రోజుల్లో చుట్టుపక్కల కూలీలకు తిండి పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాళ్లకన్నా నాకు విలువైనదిగా తోచేది, అక్కడే ఆయన నడిపిన ఊరి బోధకుల శిక్షణ. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చి ఉండి చదువుకునేవారు. చదివినవాళ్లు మళ్లీ పల్లెలకే వెళ్లేవారు. నాలుగు దశాబ్దాలు ఉన్న మనిషికి తన శిష్యుడి పల్లె పేరు తెలుసు, ఆ పల్లె బావి దగ్గర గొడవ తెలుసు, ఏ పటేలు ఎవరి కూలి ఎగ్గొట్టాడో తెలుసు. పాఠం అవన్నీ తెలిసిన నోట వచ్చేది. అదే ఇవాళ్టి మూడు రోజుల శిక్షణకు లేనిది.

నేర్పినదెల్లా కిందికి దిగిందా అంటే, దానికీ ఒక సాక్ష్యం ఉంది. 1959లో మెదక్ ప్రాంతంలోని వడియారం పాస్టరేటు పల్లెల్లో పి.వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు తిరిగి క్రైస్తవుల బతుకును దగ్గరగా చూశారు. వాళ్ల పుస్తకం 1968లో వచ్చింది. ఒక్క పాస్టరు కింద డజన్ల ఊళ్లు. ఆయన ఒక ఊరికి ఎప్పుడో గాని రాలేడు. జనం బైబిలును చదివి కాదు, పాటల్లో, కథల్లో విని పట్టుకున్నారు. ఊరి పండుగలు, పాత నమ్మకాలు పూర్తిగా వదిలేయనూ లేదు. ఈ చిత్రాన్ని కొందరు పెద్దలు నామోషీగా చూశారు. నాకు మాత్రం అది బోధకులకు అందిన నిజాయితీ గల ఉత్తరంలా అనిపిస్తుంది. కార్మన్ తరువాత హార్వర్డ్‌లో మతాల అధ్యయనం బోధించారు. యాభై ఏళ్లకు పాత నిబంధన పండితుడు చిల్కూరి వసంతరావుతో కలిసి మళ్లీ అవే పల్లెల దారి పట్టారు. 2014లో వచ్చిన వాళ్ల పుస్తకం, పాత సంఘాలు కొన్నిచోట్ల నీరసించడాన్నీ, స్వస్థత ప్రార్థనల చుట్టూ కొత్త సంఘాలు లేవడాన్నీ నమోదు చేసింది. పటాన్‌చెరు రేకుల షెడ్డులోని సంఘానిదీ ఆ రెండో వంశమే.

కాలేజీ గేటుకు ఇవతల

తెలుగులో పాస్టర్ల చదువుకు పెద్ద ఇల్లు ఉంది. లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘం కలిసి 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ పెట్టాయి. 1970ల మొదట్లో అది హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్‌కు మారింది. డిగ్రీలు శ్రీరాంపూర్ సెనేటువి. కెనడా నుంచి వచ్చిన మ్యూరియల్ కార్డర్‌లాంటి విదేశీ బోధకులు తొలినాళ్లలో అక్కడ పాఠాలు చెప్పారు. విదేశాల్లో చదివి తిరిగొచ్చి పాత నిబంధన బోధించిన విక్టర్ ప్రేమసాగర్ తరువాత మెదక్ బిషప్పు అయ్యారు. అక్కడ హెబ్రీ, గ్రీకు నేర్పుతారు, గ్రంథాలయం ఉంది, వాదించడానికి తోటి విద్యార్థులున్నారు. మంచి చదువు. కానీ ఏళ్ల తరబడి హాస్టల్లో ఉండాలి, అర్హత పరీక్షలు పాసై ఉండాలి. షిఫ్టు వదిలితే ఇల్లు గడవని మనిషికి ఆ గేటు తెరిచే ఉన్నా దూరమే.

అసలు సెమినరీయే వద్దన్నవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా స్థానిక సంఘాలు నాటిన భక్తసింగ్ తోటివాళ్లను పక్కన పెట్టుకుని, కలిసి భోంచేసి, కలిసి మోకరించి తయారుచేశారు. 2000లో ఆయన చనిపోయేదాకా ఆ పద్ధతి మారలేదు. దానిలో బలం ఉంది. గురువు బతుకంతా శిష్యుడి కళ్లెదుట ఉంటుంది. లోటూ ఉంది. గురువుకు తెలియనిది శిష్యుడికి తెలిసే దారి తక్కువ.

పటాన్‌చెరుకు కుదిరేదిగా నాకు కనిపించేది మూడో దారి. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లు, చదువుకోవలసిన కాపరులు పొలాలు వదిలి రాలేకపోతున్నారని గుర్తించి, సెమినరీనే వాళ్ల దగ్గరికి పంపారు. ఇంటి దగ్గర పాఠం చదువుకోవాలి, వారానికోసారి దగ్గర్లోని చోట అయిదారుగురు కూర్చుని చర్చించాలి, బోధకుడు అక్కడికే వస్తాడు. ఆ పద్ధతిని మన దేశంలో 1971 నుంచి బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ అనే సంస్థ నడుపుతోంది. ఇక్కడైతే సీ షిఫ్టు ఉన్న వారం సాయంత్రం కూర్చోవచ్చు, ఏ షిఫ్టు వారమూ సాయంత్రమే, బీ షిఫ్టు వారం మాత్రం పొద్దున. నాలుగేళ్లు పట్టొచ్చు. పట్టనీ. చదివినది ఆదివారం చెప్పి, జనం ముఖాలు చూసి, తరువాతి వారం మళ్లీ వచ్చి అడిగే వీలుంటుంది. మూడు రోజుల శిక్షణలో ఆ రెండో ప్రశ్నకు చోటే లేదు.

విదేశీ బోధకులకు ఇందులో పని లేదా? ఉంది, కానీ వేరే పని. ఒకటి, చట్టం తెలుసుకుని రావాలి. టూరిస్టు వీసా మీద వచ్చి మత బోధ చేయడం కుదరదు. 2020లో సవరించిన విదేశీ విరాళాల చట్టం ప్రకారం ఒక సంస్థకు వచ్చిన డబ్బు ఇంకో సంస్థకు మళ్లించకూడదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఇవి పట్టించుకోకుండా వచ్చి వెళ్లినవాళ్లకు విమానం ఉంటుంది. ఆ తరువాత నోటీసులకు జవాబు చెప్పుకోవాల్సింది ఇక్కడి పాస్టరు. రెండు, పాతికమంది ముందు నిలబడేకన్నా వాళ్లకు నేర్పే నలుగురు తెలుగు బోధకుల పక్కన కూర్చోవడం మేలు. తెలుగు బోధకుడికి వ్యాఖ్యాన గ్రంథాలు కావాలి, భాషల చదువు కావాలి, తన పాఠాన్ని పరీక్షించే తోటి పండితుడు కావాలి. 2015లో వచ్చిన దక్షిణాసియా బైబిలు వ్యాఖ్యానం ఈ ప్రాంతపు రచయితలే రాసినది. అలాంటి పుస్తకాలు పాస్టరు చేతికి తేలిక తెలుగులో, కొనగల ధరలో అందాలి. ఒక విమానం టికెట్టు డబ్బుతో ఒక బస్తీ గ్రంథాలయం పెట్టవచ్చు.

నేర్పేవాళ్లు ఎప్పుడూ అటునుంచే రావాలనీ లేదు. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ కానుకలతో నెల్లూరు ఉపాధ్యాయుడు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. చెరకు, టీ తోటలకు గిరిమిట్ అనే ఒప్పందం మీద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘాలు కట్టారు. తన మనుషులు కూలికి వెళ్లిన చోటికి తానూ వెళ్లి, అక్కడే ఉండిపోయి, 1915లో చనిపోయేదాకా నేర్పారు. ఇవాళ ఒడిశా నుంచి, బిహార్ నుంచి పటాన్‌చెరు వచ్చిన కార్మికుడికి ఇక్కడి తెలుగు పాస్టరు సరిగ్గా ఆ స్థానంలో ఉన్నాడు. ఇప్పుడు విదేశం మన గుమ్మంలోనే ఉంది. పాస్టరు హిందీ నేర్చుకోవడం కూడా బైబిలు శిక్షణలో భాగం కావాలి.

అమ్మగారి నోటుపుస్తకం

పగటిపూట ఈ సంఘాలను నిలబెట్టేది అమ్మగార్లు. అయ్యగారు షిఫ్టులో ఉన్నప్పుడు జ్వరమొచ్చిన ఇంటికి వెళ్లేది, తాగొచ్చి కొట్టే మొగుడి మీద ఫిర్యాదు వినేది, మంగళవారమో శుక్రవారమో ఉపవాస ప్రార్థన నడిపేది, పిల్లలకు ఆదివారం బడి చెప్పేది వాళ్లే. ఒక అమ్మగారి నోటుపుస్తకం చూశాను. భర్త శిక్షణలో రాసుకొచ్చిన పాఠాన్ని రాత్రి తన చేతిరాతలో మళ్లీ రాసుకుంటుంది. మార్జిన్లలో తన ప్రశ్నలు. హాగరు నీళ్లు అయిపోయిన తరువాత పిల్లాడిని పొద కింద ఎందుకు వదిలింది? రూతు రాత్రి కళ్లానికి వెళ్తే ఊరు ఏమనుకుంది? నయోమికి పొలం ఉంటే అన్నాళ్లు ఎందుకు తిప్పలు పడింది? వీటికి భర్త దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆయనకు నేర్పినవాడిని ఎవరూ ఇవి అడగలేదు.

ఆమెకు సర్టిఫికెట్ లేదు. శిక్షణకు రమ్మన్న కబురు కూడా ఏ రోజూ ఆమె పేరు మీద రాలేదు. తీరా ఆమెను పిలిచినా, అప్పజెప్పేది వంట పనే. వందేళ్ల కిందటి మెదక్‌లో ఇంతకన్నా నయం. పాస్నెట్ సోదరి ఎమిలీ, ఆమె తోటి మిషనరీ సారా హారిస్ అక్కడ ఏళ్ల తరబడి స్త్రీలకు చదువు, వైద్యం, బైబిలు కలిపి నేర్పారు. రాజమండ్రిలో చార్లొట్ స్వెన్సన్ బైబిలు శిక్షణ పాఠశాల తెలుగు స్త్రీల కోసమే నడిచింది. అక్కడ పనిచేసిన బి.వి. సుబ్బమ్మ తెలుగు సంఘంలో స్త్రీల సేవకు పేరు తెచ్చారు. ఆ తోవ మన దగ్గర ఉండగా, పటాన్‌చెరు శిక్షణల్లో సగం కుర్చీలు ఆడవాళ్లవి ఎందుకు కాకూడదు? పొద్దున పదింటి నుంచి పన్నెండింటి దాకా బస్తీలో వాళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. నీళ్ల ట్యాంకరు వచ్చిపోయాక, పిల్లలు బడికి పోయాక. వారానికి ఆ రెండు గంటలు చాలు. ఇంకో శిక్షణకు బ్యానరు కొట్టించే ముందు నిర్వాహకులు ఈ వేళను అడిగి రాసుకోవాలి. మొదటి పాఠం ఆదికాండము ఇరవై ఒకటో అధ్యాయం పెట్టమనండి. హాగరు మీద వాళ్ల ప్రశ్నలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి.